పిల్లలతో కలిసి మీ వీధిలో డెంగీ దోమను అరికట్టడం ఎలా?

వీధి బాగుకోసం టీనేజీ పిల్లలతో కలిసి ఏదైనా చేయాలనుకుంటే, బ్యానర్ కట్టి, ఒక్క పూట చీపుర్లు పట్టి, ఫోటోలు దిగే కార్యక్రమం వద్దు. వారం వారం గంటసేపు చేసే పని చూసుకోండి. వానాకాలంలో అందుకు తగినది దోమల పని.

మొదట మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగు కాలువకన్నా ఇంటి చుట్టూ నిలిచిన శుభ్రమైన నీటినే ఇష్టపడుతుంది. కూలర్, పూలకుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, వాడని రోలు, అన్నీ వెతకాలి. గుడ్డు దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది, కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోస్తే దాని ఆట కట్టు. అయితే ఒంపేసి వదిలేయకండి. గుడ్లు పాత్ర గోడలకు అంటుకుని, తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. లోపలి అంచులను పీచుతో గట్టిగా రుద్దాలి.

తర్వాత రోజు ఖాయం చేసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో శుక్రవారాన్ని డ్రై డే, అంటే నిల్వ నీళ్లన్నీ పారబోసే రోజు, అంటారు. తెలంగాణలో 2020లో ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అని ప్రచారం చేశారు. బడి పిల్లలున్న ఇంటికి ఆదివారమే వీలు. ఈ దోమ పగలే కుడుతుంది, నిండు చేతుల చొక్కా వేసుకునే బయల్దేరండి.

ఇక అసలు సంగతి: పెత్తనం పిల్లలకు ఇవ్వాలి. వీధి పటం గీయడం, ఏ ఇంట్లో లార్వా (నీళ్లలో పెరిగే దోమ పిల్లపురుగు) కనిపించిందో గుర్తు పెట్టడం, తలుపు తట్టి “పిన్నిగారూ, మీ పెరట్లో తొట్టి ఒకసారి చూడనిస్తారా?” అని అడగడం వాళ్ల పని. అమ్మో నాన్నో పక్కన నిలబడాలి, మధ్యలో అందుకోకూడదు. (ఇది పెద్దలకు కష్టమే.) ఉపన్యాసం అక్కర్లేదు. గాజు గ్లాసులో గిలగిలా కదిలే లార్వాను చూపిస్తే ఎవరైనా తొట్టి కడుగుతారు. ఇళ్ల ఫోటోలు మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు, ఆ తర్వాత ఎవరూ తలుపు తీయరు.

ఖాళీ స్థలంలో నీటి గుంట, పాడుబడ్డ బావి లాంటివి పెద్దల వంతు. పిల్లలు తేదీ వేసి తీసిన ఫోటోలు జతచేసి పంచాయతీకో మునిసిపాలిటీకో అర్జీ ఇవ్వండి. మందు చల్లడం, లార్వాను తినే గంబూషియా చేపలు వదలడం సిబ్బందికే వదిలేయండి.

పరీక్షల నెలలో పటం, పీచు రెండూ పెద్దల చేతికి రావాలి.