గింజ నిల్వ, నాలుగో పాఠం: మూత తీయకుండానే పుచ్చిన పెసలు

పోయిన పాఠం చదివి పెసలు ఎండబెట్టి డబ్బాల్లో పోసినవాళ్లు చాలామంది ఒకే మాట అడిగారు: "మూత తీయనేలేదు, పురుగెక్కడి నుంచి వచ్చింది?" చేలోంచే వచ్చింది. కాయ ఎండుతుండగానే పుచ్చు పురుగు గుడ్డు పెట్టేస్తుంది. గింజ మీద ఆవగింజలో మూడో వంతు తెల్లచుక్క గట్టిగా అతుక్కుని ఉంటే అదే గుడ్డు. పిల్ల గింజలోకి తొలుచుకుపోయి లోపలే పెరుగుతుంది. వేసవిలో నెల తిరిగేసరికి గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది. గోదాముల సంగతి వచ్చేసారి చూద్దాం, ముందు ఇది తేలాలి.

ఎండబెట్టడం, చెరగడం మీకు తెలిసినవే. పంటికింద గింజ టక్కుమని విరగాలి, చల్లారాకే డబ్బాలో పోయాలి.

అసలు చిక్కు డబ్బా దగ్గరే. 20 కిలోలు పట్టే డబ్బాలో 8 కిలోలు పోసి బిగించామంటారు. మిగతాదంతా గాలే కదా! పురుగు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టడానికి అది చాలు. అంచుదాకా నింపి గాలి చొరకుండా బిగిస్తే లోపలున్న ఆక్సిజన్‌ను పురుగే వాడేసుకుంటుంది. అది తగ్గాక తిండి మానేస్తుంది. ఆ తిండి నుంచే ఒంట్లో నీరు తయారవ్వాలి కాబట్టి, చివరికి ఎండి చస్తుంది. 1980ల చివర్లో కామెరూన్‌లో బొబ్బర్ల కోసం పుట్టిన మూడు పొరల సంచులు పనిచేసేది ఇలాగే. వారానికోసారి "ఎలా ఉందో చూద్దాం" అని మూత తీశారంటే కొత్త గాలి ఎక్కించి పురుగును బతికించినట్టే. వంటకు కావలసినవి చిన్న డబ్బాలో వేరే పెట్టుకోండి, పెద్దదాన్ని రెండు నెలలు ముట్టుకోకండి. వేపాకు వేశాం కదా అనకండి, గింజ లోపలున్న పిల్లను ఆకు చంపదు.

పెద్ద డబ్బా లేనివాళ్లు కిలో పెసలకు ఒక టీస్పూను ఆముదం బాగా పట్టించండి. నూనె పొర కింద గుడ్డుకు ఊపిరాడదు. కందులను మాత్రం నేను ఆలస్యం చేయకుండా పప్పు కొట్టించేస్తాను. ఈ పురుగు గుడ్డు పెట్టడానికి వెతికేది పొట్టుతో ఉన్న నిండు గింజనే.

అభ్యాసం: కొత్త పెసలు 200 గింజలు భూతద్దం కింద చూసి తెల్లచుక్కలున్నవి ఏరండి. వాటిని గాజుసీసాలో వేసి మూతికి పల్చటి గుడ్డ కట్టండి. 40 రోజులు, రోజూ, కన్నాలు లెక్కపెట్టి రాయండి. అదే బస్తా గింజలు ఇంకో సీసాలో అంచుదాకా నింపి, మూతకు మైనం పట్టించండి. దాన్ని 41వ రోజే తెరవాలి.