ఆదివారం ఆరాధనలో సినిమా దృశ్యం వేయాలంటే

పూర్తి సినిమా ఆరాధనలో వద్దు. యేసు జీవితంపై 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ రెండు గంటలు దాటుతుంది. ఇక వాక్యానికి, ప్రార్థనకు సమయమేది? అలాంటివి శనివారం రాత్రి చర్చి ఆవరణలో తెర కట్టి వేసుకోండి. ఆదివారమైతే ప్రసంగానికి సంబంధించిన మూడు, నాలుగు నిమిషాల దృశ్యం చాలు. అదీ ముందు బైబిలు భాగం చదివాకే. బైబిలు సినిమాల్లో, సీరియళ్లలో రచయితలు కల్పించిన పాత్రలు, మాటలు బోలెడు. వరస తప్పితే తెర మీద చూసిందే వాక్యమనుకుంటారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభుబల్ల సమయంలో మాత్రం ఏదీ వేయకండి.

1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మతపరమైన వేడుకల్లో పాటలకు, నాటకాలకు మినహాయింపు ఇస్తుంది, కానీ అందులో సినిమా మాట లేదు. కాబట్టి హక్కుదారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుంటే ఆ కాసేపు కెమెరాను తెర వైపు తిప్పకండి, లైవ్‌కు వెళ్లే శబ్దం ఆపండి.

క్లిప్పును ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకోండి. నెట్‌ను నమ్ముకుంటే సరిగ్గా మధ్యలో ప్రకటన పడుతుంది. ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు కలిపే హెచ్‌డీఎంఐ వైరు పెట్టగానే శబ్దం తరచూ ప్రొజెక్టర్‌లోని చిన్న స్పీకరుకు పోతుంది. సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ను హెడ్‌ఫోన్‌కు మార్చి, ఆ జాక్ నుంచి చర్చి సౌండ్ మిక్సర్‌కు వైరు ఇవ్వండి. గుయ్యిమని మోత వస్తే చాలాసార్లు దోషం ఛార్జర్ ఎర్తింగ్‌దే. ఛార్జర్‌ను పీకి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి. పగటి వెలుగులో మామూలు ప్రొజెక్టర్ బొమ్మ వెలవెలబోతుంది, తెర దగ్గరి కిటికీలకు ముదురు పరదాలు వేయాలి. సిలువ దృశ్యమైతే చిన్నపిల్లలను ముందే సండే స్కూలు గదికి పంపేయండి.