గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే ట్రెబుల్ ఎందుకు పోతుంది, ఎలా నిలుపుకోవాలి?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో పెళ్లి పందిళ్లలో వాయించే మన తెలుగు ఆర్కెస్ట్రాల్లో, గాయని చరణం అందుకోగానే ఎలక్ట్రిక్ గిటార్ వాద్యకుడు వాల్యూమ్‌ను 10 నుంచి 7కో 6కో దించుతాడు. మోత తగ్గడం వరకు మంచిదే కాని, దానితో పాటు తీగల మెరుపు, అంటే ట్రెబుల్ (పై ఫ్రీక్వెన్సీల ధ్వని) కూడా పోయి, స్వరం దుప్పటి కప్పినట్టు మూసుకుపోతుంది.

ముందుగా వాల్యూమ్ పూర్తిగా పెంచి వినాలి. అప్పుడు కూడా స్వరం మసకగానే ఉంటే, గిటార్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు కలిపారేమో చూడాలి. ఆ ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 10 కిలో ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. పికప్‌కు (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగానికి) మాత్రం 1 మెగా ఓమ్ వంటి ఇన్‌పుట్ కావాలి. మధ్యలో డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె) పెడితే ఆ బాధ తీరుతుంది.

పూర్తి వాల్యూమ్‌లో బాగుండి, తగ్గించినప్పుడే మసకబారితే దోషం పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే, తిప్పితే మారే నిరోధకం), కేబుల్ కలయికలో ఉంది. కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. వాల్యూమ్ తగ్గించినప్పుడు పాట్ నిరోధం సిగ్నల్ దారికి అడ్డుపడి, కేబుల్‌తో కలిసి పై ఫ్రీక్వెన్సీలను వడకట్టేస్తుంది. 500 కిలో ఓమ్‌ల పాట్ నిరోధం సరిగ్గా సగానికి చీలిన చోట, 6 మీటర్ల కేబుల్‌తో ఈ కోత సుమారు 2,100 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది; 250 కిలో ఓమ్‌ల పాట్‌తో దాదాపు 4,200 వద్ద. హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) గిటార్లలో సాధారణంగా 500 కిలో ఓమ్‌ల పాట్ ఉంటుంది, అందుకే వాటిలో ఈ లోపం ఎక్కువగా వినిపిస్తుంది. వేదిక నుంచి దూరంగా ఉన్న మిక్సర్ దాకా పొడవాటి కేబుల్ లాగితే లోపం ఇంకా పెరుగుతుంది కనుక, పొట్టి కేబుల్ వాడడం ఖర్చులేని తొలి మందు.

అసలు మందు ట్రెబుల్ బ్లీడ్, అంటే వాల్యూమ్ తగ్గించినా ట్రెబుల్ పాట్‌ను దాటి పోయేలా పెట్టే పక్కదారి. పికప్ తీగ వచ్చి కలిసే పాట్ పక్క కాలికీ, జాక్‌కు (కేబుల్ గుచ్చే చోటికి) వెళ్లే మధ్య కాలికీ నడుమ 680 నుంచి 1,000 పికోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టాలి. 1,000 పికోఫారడ్‌ల దాని మీద 102 అని ఉంటుంది. పొరపాటున 103 తెస్తే అది పదింతలు పెద్దది. దానితో వాల్యూమ్ దించినా స్వరం మందం పోతుందే తప్ప ధ్వని అంతగా తగ్గదు. కెపాసిటర్ ఒక్కటే పెట్టినప్పుడు తక్కువ వాల్యూమ్‌లో స్వరం సన్నబడితే, 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను దానికి సమాంతరంగా కలపవచ్చు, అయితే వాల్యూమ్ తగ్గే తీరు మారుతుంది. నేను 1,200 పికోఫారడ్‌ల కెపాసిటర్‌కు 130 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను వరుసలో కలపడానికే మొగ్గుతాను, ఎందుకంటే స్వరం సన్నబడడమూ తగ్గుతుంది, నాబ్ స్వభావమూ పెద్దగా చెడదు.

కొత్త భాగాలేవీ వద్దనుకుంటే, టోన్ నాబ్‌కు వెళ్లే తీగను వాల్యూమ్ పాట్ పక్క కాలి నుంచి విప్పి మధ్య కాలికి మార్చవచ్చు. దీన్నే 50ల వైరింగ్ అంటారు. ట్రెబుల్ కొంత నిలుస్తుంది కాని, టోన్ తిప్పితే వాల్యూమ్ కూడా కాస్త కదులుతుంది.

ఏది ఎంచుకున్నా, సోల్డరింగ్‌కు ముందు మొసలి క్లిప్పులతో తగిలించి, ఇంట్లోని పొట్టి కేబుల్‌తో కాక కచేరీలో వాడే కేబుల్‌తోనే వినాలి.