ప్లైవుడ్‌కు చెద మందు – 4వ పాఠం: మందు ఎక్కడిదాకా వెళ్ళింది?

మూడో పాఠంలో ఒక పాలు బోరిక్ యాసిడ్‌కు ఒకటిన్నర పాళ్ళు వెలిగారం చొప్పున వేడినీళ్ళలో కరిగించి మందు తయారుచేశాం. అది చెక్కలో ఎక్కడిదాకా వెళ్తుందన్నదే ఈ పాఠం.

ముందు ఒక అపోహ వదిలించుకుందాం. "బీడబ్ల్యూఆర్ ప్లై అండీ, చెద పట్టదు" అని షాపుల్లో ధీమాగా చెప్తారు. ఆ అక్షరాలు జిగురు గురించి మాత్రమే, మరిగే నీళ్ళకు కూడా పొరలు ఊడవని. చెదకు కావలసింది పొరల్లో ఉన్న సెల్యులోజ్, అంటే చెక్కలోని పీచు పదార్థం. ఐఎస్ 710 అనే భారత ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై సంగతి వేరు, దానికి మందు పట్టించాలని ఆ ప్రమాణమే చెప్తుంది.

ఫ్యాక్టరీలో మందు మూడు దశల్లో ఎక్కించవచ్చు. పొరలను అతికించకముందే ద్రావణంలో ముంచడం ఒకటి. తయారైన పలకను సిలిండర్‌లో పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడితో మందు ఎక్కించడం ఇంకొకటి. నీళ్ళ మందైతే ఈ పద్ధతి ఫినాల్ జిగురు పలకలకే సరిపోతుంది, యూరియా జిగురైతే పొరలు విడిపోతాయి. మూడోది జిగురులోనే బైఫెంత్రిన్ లాంటి పురుగుమందు కలపడం. ఖర్చు తక్కువ కాబట్టి కంపెనీలకు ఇదంటే ఇష్టం. మందు జిగురు గీత నుంచి రెండువైపులా కొద్దిగా మాత్రమే పాకుతుంది. పొర పలచగా ఉంటే చాలు. బ్లాక్‌బోర్డ్ లోపలి కర్రముక్కలు లావుగా ఉంటాయి, ఆ ముక్కల లోపలి భాగం దాకా మందు చేరదు. ఆ పలకకు "జిగురులో మందు కలిపాం" అంటే నేనైతే నమ్మి కొనను.

వెలిగారాన్ని నేరుగా ఫినాల్ జిగురులో కలిపితే జిగురు ముందే గడ్డకడుతుంది. అందుకే పార్టికల్ బోర్డు లాంటివాటిలో నీళ్ళలో అంతగా కరగని జింక్ బోరేట్ పొడి వాడతారు.

ఇక పరీక్ష. బోరిక్ యాసిడ్‌లోనూ వెలిగారంలోనూ ఉండే మూలకం బోరాన్. అది ఉందో లేదో చెప్పేది మన పసుపే. 10 గ్రాముల పసుపును 90 గ్రాముల స్పిరిట్‌లో కలిపి, తేరిన నీటిని వడకట్టండి. పలకను అడ్డంగా కోసి, తాజా అంచు మీద ఆ నీరు పూసి ఆరనివ్వండి. మందు బాగా పట్టినచోట అప్పుడే కాస్త ఎర్రబడవచ్చు. దాన్ని చూసి మురిసిపోకండి. వెలిగారానిది క్షారగుణం, పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే ఇదీ. అసలు తీర్పు రెండో పూతది. స్పిరిట్‌లో గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఐదో వంతు కలిపి, అందులో కరిగినంత సాలిసిలిక్ యాసిడ్ వేసిన ద్రావణం అది. యాసిడ్ తగలగానే క్షారం వల్ల వచ్చిన ఎరుపు పసుపులోకి తిరిగిపోతుంది. బోరాన్ ఉన్నచోట మాత్రం కొద్ది నిమిషాల్లో ఎరుపు తేలి నిలుస్తుంది. ఇది వంటింట్లో చేసే పని కాదు. కాలేజీ ల్యాబ్‌లో, చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు పెట్టుకుని చేయండి. బైఫెంత్రిన్‌ను ఈ పరీక్ష పట్టుకోలేదు.

బయట పొరలు రెండూ ఎర్రబడి నడుమ పసుపుగానే మిగిలితే మందు పైపైనే ఉన్నట్టు. అలాంటి పలకను వడ్రంగి రంపంతో కోసిన ప్రతిచోటా చెదకు దారి తెరుచుకుంటుంది. స్క్రూ రంధ్రాలూ, కీలు కోసం తొలిచిన గుంటలూ అంతే. కోసిన వెంటనే అంచులకు మూడో పాఠంలో చేసిన మన బోరేట్ ద్రావణం రెండు మూడు పూతలు వేసి, పూర్తిగా ఆరాకే అంచును కప్పే బ్యాండ్ అతికించాలి. గోడకు ఆనుకునే అంచునూ, నేలకు తగిలే అంచునూ అసలు వదలొద్దు. తడి తగిలేచోట బోరేట్ కరిగిపోతుంది, సింకు కింద దాన్ని నమ్ముకోవద్దు.

ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసిన పలక) అంచుకు నీళ్ళ మందు రాస్తే ఉబ్బిపోతుంది. దానికి నూనె ఆధారిత మందు పలచగా రాసి, వాసన పోయేదాకా ఆగాలి.

అభ్యాసం: వడ్రంగి పారేసే ముక్కల్లో ఒక ప్లై, ఒక బ్లాక్‌బోర్డ్ తీసుకోండి. ఒక్కోదాన్ని రెండుగా కోసి, ఒక సగానికే అంచు మీద ద్రావణం పూయండి. రెండు రోజులు ఆరాక రెండింటినీ అంచుకు అడ్డంగా కోసి పసుపు పరీక్ష చేయండి. ఎరుపు లోపలికి ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. ఐదో పాఠంలో ఆ అంకెలతోనే మొదలుపెడదాం.