కూనూరు టీ ఫ్యాక్టరీలు: నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లేవారికి

తమిళనాడు నీలగిరుల్లోని కూనూరులో టీ ఫ్యాక్టరీ చూడాలంటే ముందు వారం చూసుకోండి. ఆదివారం సాధారణంగా ఆకు కోయరు. అందుకే సోమవారం పొద్దున చాలాచోట్ల మిషన్లు ఆగి ఉంటాయి. మంగళవారం, శనివారం మధ్యలో పెట్టుకుని, ఆ రోజు మిషన్లు నడుస్తాయా అని ఫోన్ చేసి అడిగి మరీ వెళ్లండి.

ఒంగోలులో ఎక్కినా, నెల్లూరులో ఎక్కినా సాయంత్రానికల్లా చెన్నై సెంట్రల్ చేరాలి. రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మెట్టుపాళయం. అక్కడి నుంచి కూనూరుకు కొండ రైల్లో మూడు గంటలకు పైనే పడుతుంది. సీట్లు తక్కువ, చాలా ముందుగా రిజర్వేషన్ చేయించుకోవాలి. సొంత కారులో వెళ్లేవారు నీలగిరుల్లోకి వెళ్లడానికి ఆన్‌లైన్‌లో ఈ-పాస్ తీసుకోవాలి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అక్కడ నిషేధం, స్టీలు సీసా వెంట ఉంచుకోండి.

ఫ్యాక్టరీలో ఆకు వాడబెట్టే తొట్ల దగ్గర మొదలుపెట్టండి. కింద నుంచి గాలి కొడుతూ సుమారు 12 నుంచి 18 గంటలు ఉంచుతారు. అడిగి గుప్పెడు ఆకు తీసుకుని పిడికిట్లో నొక్కి చూడండి. వదిలాక ముద్దగానే ఉండాలి, కాడ పుటుక్కున విరగకుండా వంగాలి. తర్వాత సీటీసీ (క్రష్, టియర్, కర్ల్) రోలర్లు: పళ్లున్న రెండు రోలర్లు వేర్వేరు వేగంతో తిరిగి ఆకును చింపి, నలిపి, గుళికలు చేస్తాయి.

ఎక్కువసేపు నిలబడాల్సింది దీని తర్వాత గుళికలను గాలికి ఉంచే దశలోనే. గాలి తగిలేకొద్దీ ఆకుపచ్చ గుళికలు రాగి రంగుకు తిరుగుతాయి, పచ్చి వాసన పోయి కమ్మటి వాసన వస్తుంది. గంటా గంటన్నరలో టీ రుచి తేలిపోయేది ఇక్కడే. ముందే తీస్తే పచ్చి వగరు, ఆలస్యమైతే చప్పన. చివరికి డ్రయ్యర్‌లో తేమను సుమారు 3 శాతానికి దించుతారు. అంతగా ఆరకపోతే సంచిలోనే బూజు పడుతుంది. కిలో టీ పొడికి దాదాపు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు కావాలి.

కొనేటప్పుడు, మన పాల టీకి సీటీసీయే సరైంది. అందులోనూ సన్నటి పొడిగా ఉండే డస్ట్ రకం త్వరగా రంగు దిగుతుంది. పాలు లేకుండా తాగేవారు ఆకును గుళికలు చేయకుండా చుట్టి తయారుచేసే ఆర్థడాక్స్ తీసుకోండి. అనుమానముంటే తడి వడపోత కాగితం మీద చిటికెడు పొడి చల్లండి, వెంటనే రంగు చారలు పాకితే రంగు కలిపినట్టే. ఇంటికొచ్చాక గాలి చొరని డబ్బాలో పోసి, ఇంగువకీ మసాలాలకీ దూరంగా పెట్టండి. టీ పొడి పక్క వాసనలూ, మన కోస్తా తేమా రెండూ ఇట్టే పీల్చుకుంటుంది.