ఆర్టీఐ ఆన్‌లైన్ దరఖాస్తు: ఆ టిక్ పెట్టే ముందు పైన ఏముందో చదవండి

కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) ఆన్‌లైన్ పోర్టల్‌లో ‘సబ్మిట్ రిక్వెస్ట్’ నొక్కగానే ఫారం రాదు. ముందు పేజీ నిండా మార్గదర్శకాలు వస్తాయి. అడుగున చిన్న గడి ఉంటుంది: పైవన్నీ చదివాను, అర్థం చేసుకున్నాను అని. చాలామంది సర్రున కిందికి జరిపి టిక్ పెట్టేస్తారు. మొదటిసారి నేనూ అంతే. మా మండలంలో ఆగిపోయిన మ్యుటేషన్ (భూమి రికార్డుల్లో పేరు మార్పు) గురించి అక్కడ అడిగాను. దరఖాస్తు తిరిగొచ్చింది, 10 రూపాయలు పోయాయి. తప్పు నాదే. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల విషయాలు ఇక్కడ అడగకూడదని, అడిగితే ఫీజు వాపసు ఇవ్వకుండానే తిప్పి పంపుతామని ఆ పేజీలోనే రాసి ఉంది.

అందుకే ముందుగా ఆఫీసు ఎవరిదో తేల్చుకోండి. పాస్‌పోర్టు, పీఎఫ్, రైల్వే, పోస్టాఫీసు కేంద్రం కిందివి. పట్టా, రేషన్ కార్డు, పంచాయతీ రోడ్డు లాంటివాటికి ఆ ఆఫీసులోని పౌర సమాచార అధికారికే తెల్లకాగితం మీద రాసివ్వొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో పెట్టిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

ఇక కేంద్ర పోర్టల్‌లోని ఫారం. పేరు, చిరునామా దగ్గర పెద్ద తిప్పలేమీ ఉండవు. చిక్కంతా ప్రశ్నలు రాసే పెట్టె దగ్గరే. అందులో 3000 క్యారెక్టర్లు మాత్రమే పడతాయి. అంటే మాటలు కాదు, ఒక్కో అక్షరం లెక్క. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కామా, చుక్క, బ్రాకెట్ల లాంటి కొన్ని గుర్తులనే అనుమతిస్తారు. వర్డ్‌లో టైప్ చేసి తెచ్చి అతికిస్తే కొటేషన్ గుర్తులో, రూపాయి గుర్తో అడ్డం పడుతుంది. రూపాయి గుర్తు బదులు ఇంగ్లీషులో ‘Rs’ అని రాసుకోండి, ఆ గొడవ వదిలిపోతుంది. విషయం పెద్దదైతే పీడీఎఫ్‌గా జత చేయాలి. సైజు 1 ఎంబీ దాటకూడదు, ఫైలు పేరులో ఖాళీలు ఉండకూడదు.

చదవకపోతే నష్టపోయే షరతు ఇంకొకటుంది. ఆధార్, పాన్ కార్డులు అప్‌లోడ్ చేయొద్దని స్పష్టంగా చెప్పారు. మనకేమో ఏ దరఖాస్తుకైనా ఆధార్ జిరాక్స్ తగిలించడం అలవాటు! దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు మాత్రం దాని ధ్రువపత్రం జత చేయాలి. వారికి ఫీజు లేదు.

డబ్బు కట్టాక కొన్నిసార్లు రిజిస్ట్రేషన్ నంబరు రాదు. టెన్షన్ పడి మళ్లీ కట్టకండి. లెక్కలు సరిచూసుకున్నాక నంబరు వస్తుంది, 24 నుంచి 48 పనిగంటలు ఆగమని మార్గదర్శకాల్లోనే ఉంది. నంబరు రాగానే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో చూడాలన్నా, 30 రోజుల్లో జవాబు రాక మొదటి అప్పీలు (అదే ఆఫీసులోని పై అధికారికి ఫిర్యాదు) వేయాలన్నా అదే కావాలి. ఆ అప్పీలుకు పోర్టల్‌లో పైసా కట్టక్కర్లేదు.