టెక్స్ట్ ఫైల్లో కంటికి కనిపించని అక్షరాలను టెర్మినల్‌లో ఎలా చూడాలి?

ఈమధ్య లైనుకో ఊరు పేరున్న ఒక ఫైల్లో, లైన్ మొత్తం సరిపోవాలని మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌కి -ఎక్స్ ఇచ్చి హైదరాబాద్ కోసం వెతికాను. నాలుగు చోట్ల ఉంటే ఒక్కటే దొరికింది. ఎన్నిసార్లు చూసినా నాలుగూ ఒకేలా ఉన్నాయి. ఇలాంటప్పుడు కళ్లను నమ్ముకుని లాభం లేదు, బైట్లు, అంటే అక్షరాల వెనక కంప్యూటర్ దాచుకునే సంఖ్యలు, చూడాల్సిందే.

ముందుగా ఫైల్ అనే కమాండ్ ఇచ్చి పక్కన మీ ఫైలు పేరు కొట్టండి. లైన్ల చివరలు విండోస్ పద్ధతిలో ఉన్నాయా, మొదట్లో బామ్ (ఫైలు యూనికోడ్‌లో ఉందని చెప్పే కనిపించని గుర్తు) ఉందా అన్నది అదే చెప్పేస్తుంది.

తర్వాత, ఫైలును తెరమీద చూపించే క్యాట్. లినక్స్‌లో హైఫన్ పెట్టి క్యాపిటల్ ఎ ఇవ్వండి. మ్యాక్‌లో అది లేదు కాబట్టి చిన్న అక్షరాల్లో -ఇటి ఇవ్వాలి. ట్యాబ్ ఉన్నచోట ^ఐ, లైన్ అయిపోయినచోట $ కనిపిస్తాయి. $కి ముందు ఖాళీ ఉంటే అక్కడ అనవసరమైన స్పేస్ మిగిలిందని అర్థం. $కి ముందు ^ఎమ్ ఉంటే ఆ ఫైలు విండోస్ నుంచి వచ్చింది, షెల్ స్క్రిప్టులు (కమాండ్లు రాసిపెట్టుకున్న ఫైళ్లు) ఒక్కోసారి నడవకుండా మొరాయించేది దీనివల్లే.

తెలుగు ఫైలుకి మాత్రం క్యాట్ పనికిరాదు, ప్రతి అక్షరమూ ఎమ్‌లూ హైఫన్లూ కలిసిన గందరగోళంగా మారిపోతుంది. అక్కడ బైట్లను విప్పి చూపే ఓడి -సి వాడండి. లినక్స్‌లో ఇది ఇంగ్లీషు అక్షరాలను అలాగే ఉంచి, తెలుగు అక్షరాల్లోని ఒక్కో బైటునూ మూడంకెల ఆక్టల్ (0 నుంచి 7 వరకు అంకెలే వాడే) సంఖ్యగా చూపిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ మూడేసి బైట్లు, మొదటిది ఎప్పుడూ 340. నా ఫైల్లో దొరికిన హైదరాబాద్ చివర 340 261 215 ఉంది, అంటే పొల్లు. దొరకని వాటిలో దాని తర్వాత ఇంకో మూడు, 342 200 214. అదే జీరో విడ్త్ నాన్ జాయినర్, పక్క అక్షరాలు కలవకుండా ఆపే, వెడల్పే లేని అక్షరం! కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత దీన్ని వాటంతటవే చేరుస్తాయి. ఇలాగే 302 240 కనిపిస్తే అది మామూలు స్పేస్ కాదు, లైన్ అక్కడ విరగకుండా ఆపే నో బ్రేక్ స్పేస్. ఫైలు మొదట్లోనే 357 273 277 ఉంటే బామ్.

ఇంత చదివే ఓపిక లేకపోతే అనుమానం ఉన్న పదాన్ని ఎకోతో, బైట్లు లెక్కపెట్టే డబ్ల్యుసి -సికి పంపండి. లైన్ చివరి బైటుతో కలిపి హైదరాబాద్‌కి 28 రావాలి, 31 వస్తే దొంగ దొరికినట్టే.

దొరికింది కదా అని ఫైలంతటా దాన్ని తుడిచేయకండి. హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్యలో అది లేకపోతే పొల్లు పోయి ఒత్తు పడుతుంది, మాట రూపమే మారిపోతుంది. లైన్ చివర ఉన్నదాన్ని మాత్రమే, ఫైల్లో మాటలు మార్చే సెడ్‌లో $ (ఇక్కడ లైన్ చివర అని అర్థం) పెట్టి తీసేయండి. ఫైలు విండోస్‌ది అయితే ముందు, అక్షరాలను తొలగించే టిఆర్ -డి '\015'తో ఆ ^ఎమ్‌లను తీసేయాలి, లేకపోతే లైన్ చివర ఉన్నది అదే కాబట్టి సెడ్‌కి ఏమీ తగలదు.